జొన్నరొట్టె నుంచి ఐదు రూపాయల ప్యాకెట్ దాకా: మన తిండి, మన నడక

నేను ఇన్ని రోజులూ ఇక్కడ చదివేవాడినే గానీ రాసినోడిని కాదు. మాది కైరుప్పల, ఆస్పరి మండలం. ఎరుకల కుటుంబం. ఆదోనిలో హాస్టల్లో ఉంటూ బి.ఏ. హిస్టరీ రెండో సంవత్సరం చదువుతాండా. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. పోస్టు పొడుగు అయితాది, ఓపికతో చదవండి.

పోయిన నెల గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. మన తాతలు కొర్రలు, సజ్జలు, జొన్నలు తిని ఉక్కు మాదిరి ఉండి నూరేళ్లు బతికినారంట, మనం తెల్లబియ్యం తిని పాడైపోయినామంట. నేను కూడా దానికి చెయ్యి గుర్తు పెట్టినా. ఉగాదికి ఊరికి పోయినప్పుడు మా అవ్వకు చదివి వినిపించినా. అవ్వ బుట్ట అల్లుతా అల్లుతా నవ్వింది. "నూరేళ్లు బతికినోళ్లు యాడుండారురా మనింట్లో? మీ తాత నలభై ఐదుకే పాయె. కొర్రలంట కొర్రలు. కొర్రబువ్వ దొరికిన రోజు పండగ మాకు" అనింది.

అదే ఉగాదికి ఇంకొక సంగతి జరిగింది. మా చెల్లెలికి పన్నెండేళ్లు, ఏడో తరగతి. బడిలో రక్తం చూసినారు. హిమోగ్లోబిన్ ఎనిమిది చిల్లర వచ్చింది. చీటీ మా అమ్మ చేతికి ఇస్తే, అమ్మకు అర్థమైంది ఒక్కటే, బిడ్డ ఒంట్లో రక్తం లేదని. ఆ సాయంత్రం అంగడికి పోయి రెండు బిస్కెట్ ప్యాకెట్లు, ఒక రంగు నీళ్ల సీసా తెచ్చి పెట్టింది. ప్రేమతోనే తెచ్చింది. నాకు ఏం అనాలో తెలియలేదు. అమ్మను తప్పు పట్టాలంటే నోరు రాలేదు, ఊరికే ఉండాలంటే మనసు ఒప్పలేదు. హాస్టల్‌కు వచ్చినాక లైబ్రరీలో కూర్చొని, మా తిండి ఇట్లా ఎందుకైందో వెనక్కి పోయి చూద్దామనుకొన్నా. ఈ పోస్టు దాని నుంచి వచ్చిందే.

మొదట నడక గురించి చెప్తా, ఎందుకంటే మనకు తిండి నడక నుంచే వచ్చింది.

ఎరుకలోళ్లలో ఉప్పు ఎరుకలు అని ఒక శాఖ ఉండేది. పాత మద్రాసు రాజధాని రికార్డుల్లో మనల్ని కొరవ, కొరచ అని రాసినారు. సముద్రం ఒడ్డున ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకొని లోపలి ఊర్లకు తెచ్చేవాళ్లు. ఇక్కడ ఉప్పు ఇచ్చి గింజలు తీసుకొని మళ్లా ఒడ్డుకు పోయేవాళ్లు. సుగాలీ అన్నలకు ఇది చెప్పే పని లేదు, వాళ్ల పెద్దలు వేల ఎద్దులతో గింజలు, ఉప్పు మోసి రాజుల సైన్యాలకే తిండి పెట్టినోళ్లు. పిల్లాజెల్లా అందరూ నడిచేవాళ్లు. ఆ కాలంలో పిల్లోడికి ఎక్సర్‌సైజ్ చేయించాలి అని ఎవరూ అనుకోలేదు. నడవకపోతే ఆ పూట కుండ పొయ్యి ఎక్కదు, అంతే.

1871లో మద్రాసు నుంచి వచ్చే రైలు పట్టా రాయచూరు కాడ బొంబాయి పట్టాతో కలిసింది. మన గుంతకల్లు, ఆస్పరి, ఆదోని మీద పోయే లైను అదే. నేను హాస్టల్‌కు వచ్చేది పోయేది ఆ రైలులోనే, అందుకే ఆ సంవత్సరం చదివినప్పుడు నాకు ఒక రకంగా అనిపించింది. ఒడ్డు నుంచి ఉప్పు బండ్లకు బండ్లు రైలులో దిగుతాంటే గాడిద మీద తెచ్చే ఉప్పు ఎవరు కొంటారు? చరిత్రకారిణి మీనా రాధాకృష్ణ మద్రాసు రాజధానిలోని కొరవల మీద పుస్తకమే రాసింది. రైళ్లు, రోడ్లు, సర్కారు ఉప్పు విధానం కలిసి ఈ వ్యాపారాన్ని ఎట్లా తిన్నాయో అందులో చూపించింది. అదే 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసినారు. అది మొదట ఉత్తరాదిన పెట్టినారు, మన మద్రాసు వైపుకు 1911 చట్టంతో వచ్చింది.

ఈ రెండిటి మధ్యలో ధాత కరువు. 1876 నుంచి 78 దాకా. అప్పుడు ఆదోని, ఆలూరు బళ్లారి జిల్లాలో ఉండేవి. బళ్లారి, కర్నూలు ఆ కరువుకు బాగా దెబ్బతిన్న జిల్లాలు. కరువు పనులు పెట్టినారు, రాళ్లు కొట్టడం, మట్టి మోయడం. ఆ పనికి కూలి ఎంత ఇవ్వాలని పైన పెద్ద తగాదా జరిగింది. సర్ రిచర్డ్ టెంపుల్ అని ఒక దొర వచ్చి, పనిచేసే మగమనిషికి రోజుకు ఒక పౌను గింజలు, దాని మీద కొంచెం చిల్లర డబ్బు చాలు అన్నాడు. ఒక పౌను అంటే దగ్గర దగ్గర 450 గ్రాములు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. ఎండలో మట్టి మోసే మనిషికి ఇది చాలదు, పౌనున్నర కావాలి, వట్టి గింజలతో అయ్యేది కాదు, పప్పు, కూరగాయలు కూడా ఉండాలి అని వాదించినాడు. తర్వాత కూలి పెంచినారు గానీ అప్పటికే జనం పోయినారు.

నేను ఈ పేజీ దగ్గర చాలాసేపు ఆగినా. నూట యాభై ఏండ్ల కిందట, మన ప్రాంతంలోనే, పేదోడి ఒంటికి ఎంత తిండి కావాలి, ఎట్లాంటి తిండి కావాలి అని ఒక డాక్టరు కాగితం మీద పెట్టి కొట్లాడినాడు. వట్టి గింజలు చాలవు, పప్పు, ఆకు కావాలి. మా చెల్లెలి చీటీ చూసి పీహెచ్‌సీలో నర్సు అక్క చెప్పింది కూడా ఈ మాటే.

1911 చట్టం వచ్చినాక మన నడక మీద కాపలా పడింది. పేర్లు రాసుకొన్నారు, వేలిముద్రలు తీసుకొన్నారు, రాత్రిపూట హాజరు చెప్పాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. తర్వాత సెటిల్మెంట్లు. బాపట్ల కాడ స్టూవర్టుపురం సాల్వేషన్ ఆర్మీ వాళ్ల చేతికింద పెట్టినారు, మన ఎరుకలోళ్లను అక్కడ చేర్చినారు. మద్రాసులో ఈ చట్టాన్ని 1947లో తీసేసినారు, దేశమంతా 1952 ఆగస్టు 31న. తరతరాలుగా నడిచి బతికినోళ్లను నడిస్తేనే నేరం అన్నారు. ఈ మాట ఇక్కడ ఎందుకంటే, మన పిల్లలు కదలరు, ఆడరు, సోమరులు అని ఎవరన్నా అంటే నాకు కోపం వస్తాది. మనల్ని కూర్చోబెట్టింది ఎవరు ముందు?

సరే, తిండికి వస్తా. ఇక్కడే నాకు తెలిసిన కొత్త సంగతులు ఎక్కువ.

మా వైపు నల్లరేగడి. పత్తి సాళ్ల మధ్యలో కొర్ర వేసేవాళ్లు. జొన్న, ఎర్రనేలల్లో సజ్జ. భూమి ఉన్నోళ్లకు అవి పండేవి. మనకు భూమి లేదు. అవ్వోళ్లు గంపలు, చేటలు, గాదెలు అల్లి ఇచ్చి, కళ్లంలో గింజలు తీసుకొనేవాళ్లు. ఏడాది బాగుంటే జొన్న సంగటి, రొట్టె. బాగలేకుంటే అంబలి, అది కూడా పలుచన. దాంట్లోకి చేను గట్టున దొరికే ఆకు, గోగాకు, చెంచలాకు, గురుగాకు. మా పెద్దోళ్లు పందులు మేపేవాళ్లు కాబట్టి అప్పుడప్పుడు మాంసం. అవ్వ చెప్పే దాంట్లో ఒకటి గట్టిగా తెలిసింది నాకు. తిండి మంచిదే, కానీ చాలేది కాదు.

ఇంకొకటి. వట్టి జొన్న మీదే బతికితే కూడా జబ్బు వస్తాదంట. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, దాని పుట్టుక 1918లో కూనూరులో. మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు మొదలుపెట్టినాడు. 1958లో హైదరాబాద్‌కు మార్చినారు. బెరిబెరి అంటే బాగా పాలిష్ పట్టిన తెల్లబియ్యం ఒక్కటే తినేవాళ్లకు కాళ్లు చచ్చుబడి, ఉబ్బి, గుండె దెబ్బతినే జబ్బు. అది మన కోస్తా జిల్లాల్లో ఎక్కువ ఉండేది. ఇటు దక్కన్ పీఠభూమి మీద జొన్న తినే పేదోళ్లకు పెల్లాగ్రా. ఎండ తగిలే చోట, చేతులు, మెడ, చర్మం నల్లబడి పొరలు లేస్తాది, కడుపు చెడతాది, మతి కూడా తప్పుతాది. డాక్టర్ సి. గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో దీని మీద రాసినారు, జొన్నలో లూసిన్ అనేది ఎక్కువ ఉండడం దీనికి కారణం కావొచ్చని.

అంటే ఏమైంది? వరి తినేవాడికి ఒక జబ్బు, జొన్న తినేవాడికి ఇంకొక జబ్బు. ఇద్దరికీ సమానమైంది ఒకటే, పేదరికం వల్ల ఒకే గింజ మీద బతకడం. అదే జొన్నరొట్టెలోకి పప్పు, ఆకు, గుడ్డు, చేప, మాంసం, ఏదో ఒకటి ఉంటే పెల్లాగ్రా రాదు. మా అవ్వకు ఈ పేర్లు ఒక్కటీ తెలియదు. కానీ "రొట్టె ఒట్టిది తినొద్దు, ఏమైనా కొరుక్కో" అంటాది ఎప్పుడూ. వాట్సాప్ మెసేజ్ కంటే మా అవ్వకు ఎక్కువ తెలుసు అని ఒప్పుకొంటాండా.

ఇక బియ్యం. మా అమ్మ చిన్నప్పుడు వరన్నం అంటే ఉగాది, పెండ్లి, చావు. పెద్ద ఇండ్లలో మాత్రం రోజూ వరన్నమే. మన ఆడోళ్లు వాళ్ల వాకిట్లో గంపలు ఇచ్చి నిలబడితే మిగిలిన సంగటి పెట్టేవాళ్లు, తెల్లన్నం పెట్టేవాళ్లు కాదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పెట్టింది. అవ్వ ఆ మాట చెప్పేటప్పుడు గొంతు మారిపోతాది. "మొదటిసారి నా చేత్తో నా ఇంట్లో తెల్లబువ్వ వండినా, వాకిట్లో కూర్చొని తిన్నాము, అందరూ చూడాలని" అనింది. ఆ బియ్యాన్ని పట్టుకొని మనం విషం అంటే ఆమెకు ఎట్లా ఉంటాది? దాంతో ఆకలి తీరింది, అవమానం కొంచెం తగ్గింది. దాని తప్పు ఒక్కటే, అది ఒక్కటే వచ్చింది. మన రేషన్ షాపుల్లో బియ్యం వచ్చినంతగా పప్పు రాలేదు, జొన్న రాలేదు. 2013 ఆహార భద్రత చట్టంలో బియ్యం మూడు రూపాయలు, గోధుమలు రెండు, ముతక ధాన్యాలు ఒక రూపాయి అని రాసి ఉంది. ముతక ధాన్యం అంటే మన జొన్న, సజ్జ, రాగి. ఆ రూపాయి జొన్నను మా అమ్మ ఎన్నడూ చూడలేదు.

మధ్యలో బడి భోజనం కథ ఒకటి ఉంది, చరిత్ర చదివేవాళ్లకు నచ్చుతాది. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలను బళ్లారి నుంచి తీసి కర్నూలులో కలిపినారు. అట్లా మద్రాసు నుంచి బయటికి వచ్చేసినాము. మూడేండ్లకే, 1956లో, మద్రాసులో కామరాజ్ బడి పిల్లలకు మధ్యాహ్న భోజనం మొదలుపెట్టినాడు. మన దగ్గర బడుల్లో వండి పెట్టడం 2001 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఆర్డరు వచ్చినాక, 2003 జనవరి నుంచి. తెలుగు రాష్ట్రం రావడం తప్పని నేను అనడం లేదు. కానీ మా అమ్మ బడి మానేసింది ఆ మధ్య కాలంలోనే. అన్నం పెట్టే బడి ఉంటే ఆమె ఇంకో రెండు తరగతులు చదివేదేమో అనుకొంటా.

ఇప్పుడు ఆ భోజనంలో గుడ్డు ఉంది, చిక్కీ ఉంది. 2023 మార్చి నుంచి రాగిజావ కూడా పెట్టినారు. రాగిజావ పిల్లలు కొందరు పారబోస్తారు, మా చెల్లెలు కూడా మొదట్లో పారబోసింది. అది పేదోళ్ల తిండి అని ఎవరో అన్నారంట. చూడండి, అవ్వకు తెల్లన్నం గొప్ప, మనవరాలికి జావ చిన్నతనం. అదే రాగి హైదరాబాద్‌లో పెద్ద అంగళ్లలో పెట్టెల్లో పెట్టి అమ్ముతాండారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. అంగట్లో కొర్రల ధర పెరిగింది. పండించినోడు తినడం మానేసినాక ఊరు తినడం మొదలుపెట్టింది.

సిగ్గు గురించి ఇంకొక మాట, రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించినా. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు "మీ ఇంట్లో నిన్న ఏం వండినారు" అని ఒక సారు అందరినీ అడిగినాడు. నేను పందికూర అన్నా. తరగతి మొత్తం నవ్వింది, సారు కూడా నవ్వినాడు. ఆ తర్వాత నేను ఎక్కడా చెప్పలేదు. ఇంటికి వచ్చి అమ్మతో గొడవ పడి, మనింట్లో వండొద్దు అన్నా. అమ్మ నిజంగానే తగ్గించేసింది. నాయన పందులను అమ్మేసినాడు, వేరే కారణాలు కూడా ఉన్నాయి గానీ నా మాట కూడా ఒకటి. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఇంట్లో పిల్లలకు డబ్బు లేకుండా దొరికే మాంసం అదొక్కటే. దాన్ని నేను ఆపేసినా. దాని బదులు వచ్చింది ఏమిటి? ఐదు రూపాయల ప్యాకెట్.

ఈ ప్యాకెట్ ఎట్లా వచ్చిందో కూడా చెప్పాలి. మా వైపు వాన సరిగా రాని ఏడాది లేదు అనలేము, వచ్చిన ఏడాది చెప్పుకోవాలి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి వేల కుటుంబాలు సుగ్గికి పోతాయి, గుంటూరు వైపు మిరపకాయలు తెంపడానికి. మా అమ్మానాయన కూడా. జనవరిలో పోతే ఉగాదికి వచ్చి మళ్లా పోతారు. అక్కడ చేను కాడ గుడారం. తెల్లారి నాలుగింటికి బియ్యం ఉడికించి, పచ్చికారం కలుపుకొని చేనుకు పోతే మళ్లా పొద్దు మునిగినాకే. కూరగాయలు కొనే టైం లేదు, రొట్టె కొట్టే ఓపిక లేదు. వెంట పోయిన పిల్లోడు ఏడిస్తే చేతిలో ప్యాకెట్ పెడతారు, ఇంకా ఏడిస్తే ఫోన్ పెడతారు. ఊర్లో అవ్వ కాడ వదిలిన పిల్లలకు వారానికి వంద రూపాయలు ఫోన్‌పేలో అంగడోడికి పంపిస్తారు. దగ్గర లేని అమ్మ పంపే ముద్దు అది. మా చెల్లెలు మూడు నెలలు అట్లా పెరుగుతాది ప్రతి ఏడూ. అవ్వకు ఇప్పుడు కండ్లు సరిగా కనపడవు, పొద్దున ఒకసారి అన్నం వండి రెండు పూటలా అదే పెడతాది.

2019-21లో చేసిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం లెక్క చూసినా. ఐదేండ్లలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు పెరగలేదు. అదే సర్వేలో ఆడోళ్లలో నూటికి 36 మంది ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువు. ముందు నాకు ఈ రెండూ ఒక రాష్ట్రంలో ఎట్లా అని అర్థం కాలేదు. తర్వాత మా ఇల్లే గుర్తొచ్చింది. చెల్లెలికి రక్తం లేదు, పెద్దమ్మకు ఒళ్లు పెరిగి షుగర్ వచ్చింది. ఒకే కుండలో అన్నం ఇద్దరూ తింటారు.

ఇప్పుడు ఆట. కైరుప్పల పేరు వింటే మీకు పిడకల సమరం గుర్తొస్తాది, టీవీల్లో ప్రతి ఉగాదికి చూపిస్తారు. తెలియనోళ్లకు చెప్తా. ఉగాది మరుసటి రోజు, వీరభద్రస్వామికీ కాళికాదేవికీ పెండ్లి దగ్గర వచ్చిన తగాదా అని, ఊరు రెండుగా చీలి పిడకలతో కొట్టుకొంటాము. కారుమంచి నుంచి గుర్రం మీద ఆనవాయితీ మనిషి వచ్చి పూజ చేసినాకే మొదలైతాది. అయిపోయినాక దెబ్బలకు విభూతి పూసుకొని ఇంటికి పోతాము, మర్నాడు దేవుని పెండ్లి. బయటోళ్లకు ఇది వింత. దెబ్బలు తగిలేది నిజమే, నేను దాన్ని గొప్పగా చెప్పడం లేదు. కానీ ఒకటి గమనించినా. ఆ రోజు ఊరంతా పరిగెత్తుతాది. దానికి ముందు పిల్లలు పేడ ఎత్తుకొచ్చి, పిడకలు కొట్టి, ఎండబెట్టి, గంపలతో మోస్తారు. ఈసారి చూస్తే మా తమ్ముళ్ల వయసోళ్లు సగంమంది మిద్దెల మీద నిలబడి వీడియో తీస్తాండారు. మా చెల్లెలు కుప్ప దాకా నాలుగుసార్లు పిడకలు మోసి, గోడకు ఆనుకొని కూర్చుండిపోయింది. ఆయాసం. చీటీలో ఉన్న అంకె నాకు అప్పుడు కనపడింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఐదేండ్ల నుంచి పదిహేడేండ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు గుండె వేగం పెరిగేటట్లు కదలాలి. కబడ్డీ, ఖోఖో, తాడాట, పరుగు ఏదైనా సరే. మగపిల్లోళ్లు ఏదో క్రికెట్ ఆడి ఆ గంట పూర్తి చేస్తారు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే ఆట బంద్. ఇంటిపని మాత్రం బంద్ కాదు. నీళ్లు మోసేది ఆమే, చీపురు పట్టేది ఆమే, బీదీలో పరిగెత్తితే మాత్రం "ఏందే ఆ దూకుడు" అంటారు. అనేది కూడా మనమే, అన్నలమే.

ఇంతా చదివి నేను చేసింది పెద్దదేం కాదు, చెప్తా.

సెలవుల్లో ఇంటి కాడ పద్దెనిమిది రోజులు ఉన్నా. మొదటి రోజే ఉత్సాహంగా అమ్మతో "బియ్యం మానేద్దాం, జొన్న తిందాం" అన్నా. అమ్మ లెక్క చెప్పింది. రేషన్ బియ్యం ఉచితం. జొన్నలు కిలోకు నలభై యాభై పెట్టి కొనాలి, గిర్నికి పోయి పిండి పట్టించాలి, కట్టెలు కావాలి, ఐదుగురికి రొట్టెలు కొట్టాలంటే గంటన్నర పొయ్యి ముందర. "కూలికి పోయొచ్చి ఎవరు కొడతారప్పా, నువ్వు కొడతావా?" అనింది. ఎగతాళికే అనింది. నాకు రోషం వచ్చి కొడతా అన్నా.

మొదటి రొట్టె మూడు ముక్కలైంది. పిండిలో వేడినీళ్లు పోసి బాగా మర్దించాలని నాకు తెలియదు. అవ్వ పక్కన కూర్చొని చెప్తాంటే నాలుగో రోజుకు గుండ్రంగా కాకపోయినా పగలకుండా వచ్చింది. పక్కింటోళ్లు వచ్చి చూసి నవ్వినారు, డిగ్రీ చదివి రొట్టె కొడతాండాడు అని. నవ్వనీ. ఇప్పుడు మా ఇంట్లో లెక్క ఇట్లా ఉంది. రోజూ కాదు, వారానికి మూడు పూటలు రొట్టె, మిగతా అన్నమే. అన్నంలోకి ఏదో ఒక పప్పు, లేకుంటే బుడ్డల పొడి. ఆకుకూర అవ్వ చెప్పిన గట్టు మీద నుంచి చెల్లెలు, నేను తెచ్చినాము, దానికి డబ్బు లేదు. మందు కొట్టిన చేను గట్టు అయితే వద్దు, అది చూసుకోవాలి, ఇప్పుడు పత్తి చేన్లకు మందు ఎక్కువ. సజ్జలో ఇనుము నూరు గ్రాములకు ఆరు మిల్లీగ్రాముల పైన ఉంటే తెల్లబియ్యంలో ఒకటి కూడా ఉండదు. రాగిలో క్యాల్షియం మూడు వందల యాభై దాటుతాది, తెల్లబియ్యంలో పది కూడా రాదు. ఇవి పోషకాహార సంస్థ వాళ్ల పట్టికల్లో ఉన్నవే. అయితే ఆకులో, గింజలో ఉన్న ఇనుము ఒంటికి పట్టాలంటే నిమ్మకాయో ఉసిరికాయో ఉండాలంట, తిన్న వెంటనే టీ తాగితే పట్టదంట. మా ఇంట్లో అన్నం తిన్న వెంటనే టీ. అది మార్చడం రొట్టె కంటే కష్టమైంది, నాయన ఇంకా మారలేదు. ఐరన్ మాత్రలు బడిలో ఇస్తారు, చెల్లెలు నల్లగా విరేచనం అయితాదని భయపడి మానేసింది. అది మామూలే అని నర్సు అక్క చెప్తే మళ్లా మొదలుపెట్టింది. తిండి ఒక్కటే చాలు, మాత్ర వద్దు అని మాత్రం ఎవరూ అనొద్దు, ఎనిమిది ఉన్నప్పుడు రెండూ కావాలి.

ప్యాకెట్ గురించి కొట్లాట పెట్టుకోలేదు. పెట్టుకొంటే పిల్లలు దొంగతనంగా తింటారు, నేను తిన్నా కాబట్టి తెలుసు. అంగడోడికి అమ్మ పంపే వందలో యాభైకి గుడ్లు ఇవ్వమని, మిగతా యాభై చెల్లెలి ఇష్టం అని ఒప్పందం చేసుకొన్నాము.

పందికూర కూడా వండమన్నా. అమ్మ నా మొహం చూసి ఏమీ అనలేదు. ఆదివారం వండింది. రొట్టెతో తిన్నాము.

సాయంత్రం ఆట మాత్రం అనుకోకుండా కుదిరింది. మా వీధి పిల్లలు పదిమందిని పోగేసి బడి గ్రౌండులో ఖోఖో పెట్టినా. మొదటి రెండు రోజులు ఆడపిల్లలను పంపలేదు. మా అవ్వ వచ్చి గ్రౌండు పక్కన గంప అల్లుకుంటా కూర్చునింది, అవ్వ ఉందని మూడో రోజు నుంచి నలుగురు వచ్చినారు. ముసలామె ఒకటి కూర్చుంటే చాలు, ఊరి నోరు మూతపడుతాది. మీ ఊర్లో కూడా ఇట్లా ఎవరో ఒక అవ్వ ఉంటాది, అడగండి. సుగాలీ తాండాల నుంచి ఉన్న అక్కలు మీ వైపు ఏం ఆటలు ఉండేవో, మీ అవ్వలు ఏం ఆకులు తెచ్చేవాళ్లో కింద రాయండి. మీ భాషలో పేర్లతోనే రాయండి. మన కుర్రు భాషలో ఆకుల పేర్లు మా అవ్వకు పదమూడు తెలుసు, నాకు నాలుగే తెలుసు. అవ్వ చెప్పినవి నోటుబుక్కులో రాసుకొంటాండా.

ఇప్పుడు నేను హాస్టల్లో ఉండా. అమ్మానాయన మళ్లా గుంటూరు వైపు పోయినారు, ఇంకొక కోత ఉందంట. నిన్న రాత్రి చెల్లెలికి ఫోన్ చేస్తే, రొట్టె ఆమే కొట్టింది, రెండు మాడిపోయినాయి, అవ్వ తిట్టింది అని చెప్పింది. ఖోఖోకు ఏడుగురు వచ్చినారంట. రక్తం మళ్లా వచ్చే నెల చూస్తారు. అంకె ఎంత వచ్చిందో ఇదే పోస్టు కింద పెడతా.